పక్క క్వార్టర్సు కిటికీ

జ్వరం పాయె గానీ
పోతా పోతా నా ముక్కులోది ఏందో ఎత్తుకపాయె.
రెండేండ్లాయ.
సాంబ్రాణి పొగా, కిరసనాయిలూ నాకిప్పుడు ఒకటే.
ఉప్పు తెలుస్తుంది. కారం మండుతుంది.
ఆ రెండిటి నడుమ ఉండాల్సిన ఊరే
ఖాళీ.
'వస్తాదిలేమ్మా, కొంచెం లేటు' అన్నాడు డాక్టరు.
గుంతకల్లులో ఉండేదానికి లేటు కొత్తా?

వంటయితే ఆగదు గదా.
జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి
వేళ్లు కాల్చుకుంటా పిసుకుతా.
పిండి పదునైతే
బండ మీద అరచెయ్యి తప్‌తప్‌మంటుంది.
కాకుంటే మూగదైపోతుంది.
తడిగుడ్డ అద్దినప్పుడు చుర్రుమన్న లెక్కను బట్టి
పెనం ఎంత కాలిందో చెవే చెప్తుంది.
రొట్టెకు ముక్కుతో పని లేదు.

ఎండురొయ్యల సంగతి అట్ల కాదు.
మా ఆయన గూడ్సు గార్డు.
గుంటూరు దాకా పోయొచ్చినప్పుడల్లా
బాపట్లాయన ఎవరో ఇచ్చినాడని
పేపరు పొట్లంలో తెస్తాడు,
మీసాలతో సహా, గోరంత గోరంతవి.
నేను సముద్రం చూడలేదు.
ఆ పొట్లం విప్పంగానే మొగానికి కొట్టేదే
నాకు తెలిసిన సముద్రం.
ఇప్పుడు విప్పితే
పాత పేపర్లో ప్లాట్ల వేలం ప్రకటన, అంతే.

ఒక్క నిమిషం ముందు దించితే పచ్చి.
ఒక్క నిమిషం ఆగితే చేదు.
'వాసనొస్తానే దించు' అని నేర్పింది మా అమ్మ.
రాకుంటే ఏం చెయ్యాలో చెప్పలేదు.

అట్లాంటప్పుడు దొరికింది
రుక్మాబాయి కిటికీ.
ఉల్లిగడ్డ గూడా గడప దాటని ఇల్లు వాళ్లది.
మూకుట్లో రొయ్యలు చిటపటలాడి, ఎర్రబారి,
సరిగ్గా కమ్మగయ్యే గడియకు
ఆ కిటికీ ధడేల్మంటుంది.
అదే నా సిగ్నలు.
పొయ్యి ఆర్పేస్తా.
ఎండుమిరప, ధనియాలు, తెల్లగడ్డ,
గుప్పెడు వేయించిన శెనిక్కాయలు, కల్లుప్పు.
రోట్లో దంచిన ఆ పొడి
డ్యూటీ డబ్బాల్లో హుబ్లీ దాకా పోయి మెప్పు తెచ్చిందంటే
సగం మెప్పు ఆమె కోపానిదే.

పోయిన్నెల ఆమె మంత్రాలయం పాయె.
కిటికీ ముందే మూసి ఉంది.
నేను గరిటె పట్టుకొని కాచుకుంటి, కాచుకుంటి.
కండ్లు మండినాక గదా చూసుకుంటిని,
మూకుట్లో బొగ్గులు!
రొయ్యలకు గాదు గానీ
ఆ మూసిన తలుపుల మీద
నాకెందుకో శానా కోపమొచ్చె.

ఆ రాత్రే మా చందన అనంతపురం నుంచి
చీజు డబ్బాతో దిగె.
సీసా అడుగున మిగిలిన పొడి గీకి,
వేడిరొట్టె మీద చీజు పరిచి, పైన చల్లి, మడిచి
'తినుమా' అని నోట్లో పెట్టె.
సాగింది.
నా నోటి నుంచి చేతి దాకా దారం మాదిరి సాగి
తెగమంటే తెగలేదు.
రొట్టె అంచు పెళుసు, లోపల మెత్తన,
పండ్ల కింద పొడి సన్నంగా కరకర.
సముద్రపొడ్డున ఇసుక ఇట్లే ఉంటాదేమో.
వాసన లేని నోరు గూడా
నోరేనని అప్పుడనిపించె.
రెండోది నేనే చేసుకుంటి.

రుక్మాబాయి తిరిగొచ్చినాక
గోడ పక్కన అంతా చెప్పేస్తిని,
ముక్కు సంగతి, కిటికీ సంగతి, బొగ్గుల సంగతి.
ఆమె మాట్లాడలేదు.
తులసికి నీళ్లు పోసి లోపలికి పాయె.

నిన్న మూకుడు పెట్టితిని.
కిటికీ పడలేదు.
తిరిగి చూస్తే తెరిచిన రెక్కల నడుమ
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఆమె.
'ఇంకా లేదు... ఇంకా లేదు...
కొంచెం కలుపు...
ఆఁ, సాకు! సాకు! దించు!'

చెంచాడు నోట్లో వేసుకొని
మా ఆయన కండ్లు మూసుకున్నాడు.

పుట్టి బుద్ధెరిగి రుచి చూడనామెకు
అంత కచ్చితంగా ఎట్ల తెలిసిందో
నేను అడగలేదు.
ఆమే గోడ మీద మోచేతులాన్చి
గొంతు తగ్గించి అడిగె:
'ఆ చీజులో గుడ్డేమన్నా కలుస్తాదా?'