వెళ్ళాయని కూడా

పర్లాకిమిడిలో
కొమ్ముతో కొంగలు చెక్కే దుకాణం మీద గది నాది.
కింద ఆకురాయి గీకినంతసేపూ
నా కీబోర్డు మీద సన్నటి పొడి.

రాత్రి పదీ నలభైకి
సెరంగో దారిలో ఐదు ఏనుగులు దిగాయని
నలభై ఒక్క ఫోన్లకి కబురు పంపాను, రెండు భాషల్లో.
సర్వర్ రెండొందలు అంది.
రెండొందలంటే "పుచ్చుకున్నాను" అని,
"రైతు చెవిన వేశాను" అని కాదు.
ఆ తేడా నాకు తెలిసేసరికి
ఎలియా రయితకి అరెకరం మొక్కజొన్న పోయింది.

పొద్దున్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు.
తిట్టలేదు. ఫోను నా చేతిలో పెట్టి
"మోగలేదు" అన్నాడు ఒడియాలో,
మళ్ళీ తెలుగులో,
నాకు అర్థం కాలేదేమోనని.

తాళంచెవి సరిచూశాను. గడువు చూశాను.
అత్యవసరం వెళ్ళి మామూలు వరసలో నిలబడిందా?
బ్యాటరీ పొదుపు యాప్‌ని జోకొట్టిందా?
అసలు ఆ ఫోన్లో యాపే లేదు.
"పాత ఫోనేది?"
"సంతలో అమ్మేశాను, పాప పరీక్ష ఫీజుకి."

లాగ్ తెరిచాను.
అతని పేరు మీద వెళ్ళినవన్నీ అందాయి.
ఎవరో చదివారు కూడా,
ప్రతి రాత్రీ, నిమిషంలోపే.

ఆ ఒక్క టోకెన్‌కే రాశాను:
ఈ ఫోను ఎవరి దగ్గరుంది? ఈ నంబరుకి చేయండి.
రెండొందలు.
టీ చల్లారింది. కింద ఆకురాయి ఆగింది.

పాతపట్నం నుంచి, బొమ్మాళి తవుడమ్మ,
బస్టాండు దగ్గర ఇడ్లీ బండి.
"ఏటమ్మా, నువ్వేనా ఏనుగుల పిల్లవి?
నెల్లాళ్ళై లేపుతున్నావు.
మా ఊరివి కావని తెలుసు. తీసెద్దునా అంటే
మొన్న గున్న కూడా ఉందని రాసినావు కదా,
సెయ్యి రాలేదు.
వచ్చాయి వచ్చాయంటావు గానీ
ఎల్లిపోయాయని ఒక్కనాడైనా సెప్పవేటి?
పిండి రుబ్బుతూ సూస్తన్నాను తెల్లార్లూ."

ఎలియా కొత్త ఫోన్లో యాప్ పెట్టాను.
పాత టోకెన్ చెరిపేయాలి, పద్ధతి అది.
జాబితాలో ఇప్పుడు నలభై రెండు.

నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి
మొదటిసారి రెండో కబురు రాశాను:
మహేంద్రతనయ దాటాయి. ఐదూ. పడుకోండి.

సర్వర్ ఎప్పటిలాగే రెండొందలు అంది.
నేను లైటు తీయబోతుంటే
పాతపట్నం నుంచి ఒక్క రింగు,
ఎత్తేలోపే పెట్టేసింది.