లాకు దిగువన

అంబాజీపేట రోడ్డు మీద నాది చిన్న మందుల షాపు.
పొద్దున్నే తలుపు తీయగానే వచ్చే మొదటి బేరం
సత్యవేణి కుడి భుజం.

మనిషి ఆ తర్వాత కనబడుతుంది.
పీచు షెడ్డు వెనకాల, రేకుల కింద,
తొంభై రెండు కిలోలు నెత్తి మీదికెత్తి
కాళ్లు వణక్కుండా నిలబెట్టిన భుజం అది.
"డైక్లో ఒక షీటు బాబాయ్. పరగడుపున వేసుకోన్లే."
వేసుకుంటుంది. నాకు తెలుసు.
కౌంటరు మీద తెల్లపొడి వేళ్ల గుర్తులు వదిలి పోతుంది,
తుడుస్తాను.

శనివారం సాయంత్రం ఇంకొకడొచ్చాడు.
రాజోలు వైపు కుర్రాడు,
మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి.
అదే మందు. పది షీట్లన్నాడు.
"నొప్పెక్కడయ్యా?"
"నొప్పి లేదండి. ఎల్లుండి పోటీ.
సీసా పడతారంటండి."
నవ్వాడు, నేనూ వాడి జట్టే అన్నట్టు.

ఆ రాత్రి షట్టరు దించి, లోపలే కూచుని
కంపెనీ కుర్రాడు వదిలేసి పోయిన పత్రిక చదివాను.
ఒంట్లో ఒక ఎంజైమ్ ఉందట.
మగ హార్మోనుకి చక్కెర మూట కట్టి
మూత్రంలోకి సాగనంపడం దాని కొలువు.
ఈ బిళ్ల పోయి దాని చెయ్యి పట్టుకుంటుందట.
గాజు గొట్టంలో చూశారు.
మనిషిలో ఎంతో ఇంకా తేలలేదని
అడుగున చీమలంత అక్షరాల్లో ఉంది.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
తలుపు రెండు జానలు దించితే చాలు,
దిగువన కొలబద్ద మీద అంకె పడిపోయేది.
శివారు రైతు ఆ అంకె చూసి
ఈ ఏడు గోదాట్లో నీళ్లే లేవనుకునేవాడు.
ఎగువన కాలవ గట్టు ఒరుసుకుంటూ ఉండేది.

సీసాలో పట్టి సీలేసి పట్టుకెళ్లేదీ
దిగువ నీళ్లే కదా.
లోపల ఏరెంతుందో
అది చూసే చెప్పాలి, ఏ ఊళ్లోనో, తెల్లకోటాయన.
తలుపు దించింది నొప్పో దొంగో
అంకె చెప్పదు.

కుర్రాడికి లేవన్నాను.
నా వెనక అరలో డబ్బాలు వాడికి కనబడుతూనే ఉన్నాయి.
"ఆయ్" అని రోడ్డు దాటి
ఎదర షాపులోకి పోయాడు.
ఏం ఆపాను నేను?

సోమవారం సత్యవేణి వచ్చింది.
షీటు ఇచ్చే ముందు
నాన్న వాడగా మిగిలిన నీటి లెక్కల పుస్తకం ఇచ్చాను,
సగం ఖాళీది, చెద అంచు కొరికింది.
"ఏ రోజు ఎన్నో రాసి పెట్టుకో.
అడిగినప్పుడు ఫారంలో చెప్పు."
"నొప్పికి కూడా లెక్కేంటి బాబాయ్?"

అంటూనే పెన్ను అందుకుంది.
తేదీ వేసింది. గడి వెతుక్కుని,
'నీటిమట్టం' అని ఉన్నచోట
ఒకటి అని రాసింది.
కాసేపు నా మొహం చూసింది.
కొట్టేసి,
మూడు అని రాసింది.