బల్లల మధ్య దూరం

ముందు శనివారం నేనొక్కదాన్నే వెళ్ళి
నడిచి చూసొచ్చాను.
బస్సు ఆగే చోటి నుంచి నాలుగువందల అడుగులు కంకర.
అక్కణ్ణుంచి చెక్కలు మొదలు.

మా మేనత్త ఎండ్లాకి మోకాలు మార్చి పదకొండు వారాలు.
చదునుగా ఉన్నచోట నడవచ్చన్నాడు డాక్టరు.
"ఎస్టోనియాలో చదును కానిదెక్కడుందయ్యా,
చదునైనదాంట్లో సగం నీళ్ళు గాని"
అందట ఆవిడ, చెప్పులేసుకుంటూ.

చిన్న పుస్తకంలో రాసుకున్నాను:
మొదటి బల్ల, మూడువందల అడుగుల దగ్గర. వీపు ఆనించుకోవచ్చు.
రెండోది, ఎనిమిదివందల యాభై. ఆనుడు లేదు. తడి.
మూడోది పటంలో ఉంది, బురదలో లేదు.
చెక్కకీ చెక్కకీ మధ్య వేలున్నర సందు.
ఆవిడ చేతికర్ర మొన వేలు లావు.

ఆ అర వేలు గురించే రెండు రాత్రులు ఆలోచించాను.
చివరికి ఇనప సామాన్ల కొట్టు హెయినో
కుర్చీకాలి రబ్బరు తొడుగొకటి వెతికిచ్చాడు,
డబ్బులొద్దన్నాడు,
మిగతా మూడూ ఎవరు కొంటారని గొణుక్కున్నాడు.

చెక్కల మీద ఇనప వల బిగించారు, జారకుండా.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల
అన్నట్టుంటుంది నడక.
కాలికింద మాత్రం ఎవరో గుటక వేస్తున్న చప్పుడు.
నేను ఒక్కసారి గట్టిగా అడుగేస్తే
పదిగజాల అవతల పైన్ చెట్టు తలూపింది.
దానికి నూటయాభై ఏళ్ళట. నా భుజం దాటలేదు.
తిండి చాలకేనని బోర్డు మీద రాశారు.
తొందర లేకేమో అనిపించింది నాకు.

రెండో బల్ల దగ్గర వెనక్కి తిరుగుదాం అని
ఫోన్లో చెప్పాను. వెయ్యిన్నొక్క జాగ్రత్తలు చెప్పాను.
అన్నీ విని ఆవిడ అడిగిందీ ఒక్కటే:
"పెద్ద మడుగు దాటాక ఎడమవైపు
రెండు కొమ్మల ఎండుమాను ఇంకా ఉందా?"

ఉంది. రాసుకోలేదు గాని, చూశాను.

అప్పుడావిడకి తొమ్మిదేళ్ళు. చెక్కల్లేవు.
అక్టోబరులో క్రాన్‌బెర్రీలకని వాళ్ళమ్మ వెంట,
పాదాలకి బర్చి కొమ్మల చట్రాలు కట్టుకుని.
ఎడమ చట్రం ఊడింది, బూటు దిగిపోయింది.
అన్నది అడిగి తొడుక్కున్న బూటు,
ఇంకా కొత్త తోలు వాసన పోనిది.
కాలు వచ్చింది, బూటు రాలేదు.
బుట్ట మీద కప్పిన గుడ్డ చుట్టుకుని ఇంటికి నడిచింది.
ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదట.
తర్వాత పదేళ్ళు అన్నారట.

"కుళ్ళి ఉండదు తెలుసా" అంది.
"ఊబికి తినడం రాదు. దాచుకోవడమే వచ్చు."

ఆ ఎండుమాను రెండో బల్లకి అవతల,
పంతొమ్మిదివందల అడుగుల దగ్గర.
నా ప్రణాళిక అంతా కొట్టేశాను.
హెయినో దగ్గరికి మళ్ళీ వెళ్ళాను,
చేపలు పట్టేటప్పుడు కూర్చునే మడతపీట అరువడిగాను.
లేని మూడో బల్ల నేనే మోసుకెళ్తాను.

నాచు ఏడాదికి ఒక మిల్లీమీటరు పైకి పెరుగుతుందట.
అదీ బోర్డు మీదే ఉంది.
అరవై ఏడేళ్ళు. వంటింట్లో స్కేలు తీసుకుని చూశాను.
నాలుగు వేళ్ళ మందం,
అంతే,
ఆవిడకీ ఆ పిల్లకీ మధ్య.
దానికింద ఎంత లోతుకి దిగిందో
బోర్డు చెప్పలేదు.

ఆదివారం, తొమ్మిదింపావు బస్సు.
ఫ్లాస్కులో కాఫీ, రై రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు,
దోమల మందు, రబ్బరు తొడుగు, పీట.
చెక్కల మీంచి దిగకూడదని అక్కడ రూలు,
మూడు భాషల్లో రాసుంది, చెప్పాను.
"అలాగే" అంది ఆవిడ, మరీ తొందరగా.

అనుమానమొచ్చి
అదనంగా ఒక జత మేజోళ్ళు పెట్టుకోమన్నాను.

"జతెందుకే" అంది,
"ఎడమది చాలు."