కర్టెన్ మూయండి

మ్వాంజా ఆసుపత్రిలో పిల్లల వార్డు టార్చి నాది.
బ్యాటరీలు నా జీతంలోంచే.

ఆ మంగళవారం న్యామిజి వచ్చింది
ఎండు దగా చేపల వాసనతో.
వీపున కట్టిన గుడ్డలో షిజా, రెండున్నరేళ్ళు,
మెడకు ఎడమపక్క బత్తాయంత వాపు,
దాని మీద కాల్చిన మచ్చలు మూడు.
ఎవరు కాల్చారని అడగలేదు.
అడిగితే మళ్ళీ రారు.

డాక్టర్ ర్వెగాసిరా చేతులు రుద్ది వెచ్చజేసుకుని
మెల్లగా నొక్కారు.
మెత్తన. నొప్పి లేదు. పక్కకు జారి మళ్ళీ వస్తుంది.
"జలుబు చేస్తే పెరుగుతుంది" అంది తల్లి,
తప్పు ఒప్పుకున్నట్టు.

"కర్టెన్ మూయండి" అన్నారు.

చీకట్లో టార్చి మూతి వాపుకు ఆనించాను.
మెడ వెలిగింది,
బొప్పాయి ముక్కను ఎండకు పట్టినట్టు,
ఆకు ఈనెల్లా సన్నని నరాలతో.

"నీళ్ళు" అంది న్యామిజి, మాకంటే ముందు.
అమావాస్య రాత్రుల్లో మొగుడు
పడవకు లాంతరు కట్టి
దగాను పిలిచే సరస్సు ఆమెకు తెలుసు.

"నీళ్ళే. క్యాన్సర్ కాదు, క్షయ కాదు,
ఎవరి దిష్టీ కాదు.
నీ కడుపులో ఉండగానే కొన్ని కాలువలు
దారి తప్పి గదులు కట్టుకున్నాయి."

స్కాన్‌లో పెద్ద గదులు నాలుగు.
చిన్నవి లెక్కకు రాలేదు.
చిన్నవే మొండివి.

కత్తి పెట్టలేదు;
పెదవిని కదిపే నరం ఆ గోడల పక్కనుంచే పోతుంది.
సూదితో గడ్డిరంగు నీరు లాగి
ఖాళీలో మందు నింపారు,
గోడకు గోడ అంటుకునేలా.
"ముందు పెరుగుతుంది, జ్వరమొస్తుంది. బెదిరిపోకు.
ఊపిరి బరువైతే మాత్రం
అర్ధరాత్రయినా పరిగెత్తుకు రా."

మూడో రాత్రే వచ్చింది.
ఊపిరి బాగానే ఉంది, వాడు నిద్రపోతున్నాడు.
బెంచీ మీద తెల్లారేదాకా కూర్చుని
పడవలొచ్చే వేళకు వెళ్ళిపోయింది.

ఆరు వారాలకొకసారి, నాలుగుసార్లు.
రెండోసారికి ఏమీ తగ్గలేదు.
ఎందుకో డాక్టరూ చెప్పలేకపోయారు.

ఇవాళ షిజా చొక్కాకు పైగుండీ పడుతోంది.
కర్టెన్ మూసి చూస్తే
చెవి కింద చింతగింజంత వెలుగు.
అది ఉండిపోవచ్చు.

వాడు టార్చి లాక్కున్నాడు.
తన అరచేయి, నా బుగ్గ,
చివరికి తల్లి మెడ.
ఎంత అదిమిపెట్టినా చీకటే.
"అమ్మా, నీ దాంట్లో చేపల్లేవు" అన్నాడు
జాలిగా.