తరుగు

గుంటూరు మిర్చి యార్డులో
కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఎవరూ ఎవర్నీ అడగరు.
ఇరవై రెండేళ్ళుగా ఈ కాటా గుమాస్తా పని
నేను వదలకపోవడానికి అదే కారణం,
జీతం కాదు.

టిక్కీ ఎక్కుతుంది. నలభై రెండున్నర అని అరుస్తాను.
తరుగు తీసి నలభై ఒకటిన్నర రాస్తాను.
ఆ కిలో ఎటు పోయిందని రైతు నా మొహంలోకి చూస్తే
మామూలే కదయ్యా అంటాను.

నాక్కూడా మామూలే.
పొద్దున గది తాళం వేసిన మనిషి
చుట్టుగుంట సెంటరు దాటేసరికి కొంత తగ్గుతాడు.
సాయంత్రం తిరిగొచ్చి చూసుకుంటే
ఆ తగ్గింది ఏ మూలా దొరకదు.

"పెళ్ళి మాటెత్తవేం ఆంజనేయులూ?"
షావుకారు ప్రతి ఏడూ అడుగుతాడు.
"పేరులోనే ఉంది గదండీ."
కొట్టంతా నవ్వుతుంది, వాళ్ళకంటే ముందు నేను.
ముప్పయ్యో ఏట నేనే కనిపెట్టిన జోకు అది.
ఇంకా పనిచేస్తోంది,
తుప్పు పట్టిన తాళంలా.

తంటా అంతా మన భాషతోనే.
ఏ మాట మొదలెట్టినా చివర్లో ఒక కాపలావాడు నిలబడి
వచ్చాడా, వచ్చిందా, తేల్చి చెప్పు అంటాడు.
నా చొక్కా గుండీ గోతాం దారంతో కుట్టి ఉండటం చూసి
ఎవరు కుట్టారోయ్ అన్నారు ఒకసారి.
పక్కింటావిడ కుట్టింది, అన్నాను.
అక్కడే, నాలుగు బస్తాల అవతల,
దబ్బనం పట్టుకుని టిక్కీల మూతులు కుడుతున్న మనిషి
తలెత్తలేదు.
దారం పళ్ళతో తెంపాడు, అంతే.

తర్వాత్తర్వాత తెలివి మీరాను.
"ఒకరున్నార్లెండి" అనడం నేర్చుకున్నాను.
గౌరవం అనుకున్నారు వాళ్ళు.
ఆ 'రు' అనే ఒక్క అక్షరం కింద
ఇద్దరం ఒకే దుప్పట్లో ముడుచుకున్నట్టు
ఎన్ని చలికాలాలు గడిపామో.

డు, డు, డు.
మింగీ మింగీ గొంతులో ఏదో అడ్డం పడింది.
కారం ఘాటు, మాస్కు కట్టుకో అన్నాడు డాక్టరు.

మే నెలలో యార్డుకి సెలవులు.
ఆ నెల రోజులూ నా కళ్ళకి సాకు ఉండదు.
ఆ నెలలోనే సుభానీకి జ్వరమొచ్చింది.
ఆటోలో నా భుజానికి తల ఆనించాడు,
పట్టపగలు, శంకర్ విలాస్ బ్రిడ్జి మీద.
జ్వరంలో ఉన్నవాడికి ఆ మాత్రం చెల్లుతుంది.
బ్రిడ్జి ఇంకాస్త పొడుగుంటే బాగుండు అనుకున్నాను.
పాపమే, అనుకున్నాను.

పెద్దాసుపత్రి కౌంటర్లో
"పేషెంటుకి మీరేమవుతారు?"

ఏ లాటు ఏ కొట్టుకి ఎంతకి పోయిందో
పదేళ్ళ కిందటిదైనా నోటికి చెప్పేవాణ్ణి.
వెనక క్యూ గొణిగింది.
అన్న అంటే పేర్లు కలవవు,
షేక్ సుభానీకి వీరాంజనేయులు ఏ తల్లి వైపు అన్న?
"తెలిసినవాణ్ణి" అన్నాను.
రాసుకున్నాడు.
తెలిసినవాళ్ళు బయటే ఉండాలి, అన్నాడు గేటు దగ్గర మనిషి.

వేపచెట్టు కింద సిమెంటు బల్ల.
రాత్రంతా ఆ మాట నములుతూ కూర్చున్నాను.
నలభై ఎనిమిదేళ్ళలో
నేను తెలిసినవాడు ఒక్కడే,
వాడు లోపలున్నాడు,
వాడికి నేను ఉత్త తెలిసినవాణ్ణి.

తెల్లారగట్ల నర్సు తలుపు సందులోంచి కేకేసింది,
"సుభానీ తాలూకు ఎవరండీ?"

బల్లల మీద పదిమంది లేచి చూశారు.
ఆడో మగో అక్కర్లేని మాట ఒకటి
ఇన్నాళ్ళూ నా నోట్లోనే ఉంది.

"నేను" అన్నాను.

రెండడుగులు వేశాక గుర్తొచ్చింది,
కళ్ళు తుడుచుకోలేదని.
యార్డు తెరవడానికి ఇంకా పద్దెనిమిది రోజులు.