ఆఖరి బండి

విల్సన్ గార్డెన్లో మూతపడ్డ టైర్ల కొట్టు
షట్టర్ సగం ఎత్తి
క్యారమ్ బోర్డు మీద మెక్సికో పరిచాం.
కాగితం ఎగరకుండా నాలుగు మూలలా
స్పార్క్ ప్లగ్గు, తాళాల గుత్తి,
సగం కొరికిన మద్దూరు వడ,
ఇమ్మానుయేల్ గారి కళ్లద్దాల పెట్టె.

బయట బెంగళూరు వాన.
చెప్పి రాదు, చెప్పినా పోదు.

చివావాలో మొదలెట్టి కిందికి, అన్నారాయన.
వేలు ఎర్రగీత మీద పెట్టలేదు,
పక్కనే పాకుతున్న చుక్కల గీత మీద పెట్టారు.
ఎర్రది లారీలది. చుక్కలు మనవి.
ఏ చుక్కలో ఎంత రాయో, ఎంత ఇసకో
పటం వేసినవాడికీ తెలియదు.
డురాంగో దాటాక ఒక రోడ్డు పేరే
దయ్యం వెన్నెముక.

చెలువరాజు లెక్కలవాడు.
ట్యాంకు పదమూడు లీటర్లు,
కొండల్లో లీటరుకి పద్దెనిమిది,
బంకుకీ బంకుకీ మధ్య రెండొందల నలభై.
"అయితే ఆరు కిలోమీటర్లు తోసుకోవాలి."
ముందెవరూ నవ్వలేదు.
తబస్సుమ్ మందుల పెట్టెకి మూడు అరలు కట్టింది:
తెగితే, విరిగితే, కక్కితే.
ఇళంగో స్పానిష్‌లో మూడే ముక్కలు నేర్చాడు:
పెట్రోలు ఎక్కడ, వాగులో నీళ్లెంత, తప్పు మాదే.

సామాన్ల జాబితా నా వంతు.
తలకి పన్నెండు కిలోలు.
గోంగూర సీసా రాశాను, కొట్టేశారు.
మళ్లీ రాశాను.
"మిరపకాయకి పుట్టిల్లే అది,
అక్కడికి కారం మోసుకెళ్తావా తల్లీ?"
గుంటూరు యార్డు ఘాటుకి తుమ్ముతూ పెరిగినదాన్ని,
మా మిరప సముద్రం దాటొచ్చిన కోడలని
నలభై ఒకటో ఏట
టైర్ల కొట్టులో తెలిసింది.

పోయిన ఆదివారం
కోలారు అవతల ఎండిన ఏట్లో సాధన.
ఇసకలో బ్రేకు తొక్కితే పడతావు,
చక్రం వంక చూస్తే పడతావు,
దూరంగా చూడు, అన్నారాయన.
దూరంగా చూశాను. పడ్డాను.
నూట యాభై కిలోల బండి
నడుముతో కాదు, తొడలతో లేపాలట.
వీపు ఆనించి, మోకాళ్లు వంచి,
హమాలీలు టిక్కీ లేపినట్టు.
అదొక్కటీ నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.

గుంపుకి నియమం ఒకటే, ఆయన పెట్టిందే:
దారి చీలినచోటల్లా ఆగు,
వెనక బండి దీపం అద్దంలో పడేదాకా కదలకు.
ముందువాడికి దారి తెలిస్తే చాలు,
ఆఖరివాడికి అందరూ తెలిసుండాలి.
ఆఖరి బండి నాది, అని
జూన్‌లోనే సుద్దముక్కతో
షట్టర్ లోపలివైపు పేర్లు రాశారు,
ఒకదాని కింద ఒకటి, బళ్ల వరసలో.

ఇవాళ టీ చల్లారాక చెప్పారు.
ఎడమకంట్లో సూదులయ్యాయట.
చూపుంది, లోతు తెలియడం లేదట.
"మెట్టు ఉన్నచోట నేలనుకుంటున్నా,
నేల ఉన్నచోట మెట్టు."
పటం మీద రాగి లోయ పేరుకి
ఆయన బొటనవేలు అడ్డంగా ఉంది,
తీయలేదు.
తబస్సుమ్ ఏ డాక్టరని అడిగింది.
చెలువరాజు గదుల లెక్క
ఐదుని నాలుగు చేసి, కొట్టేసి,
మళ్లీ ఐదు చేశాడు.

ఆయన టైరు విప్పే కడ్డీలు రెండూ
నూనెగుడ్డలో చుట్టి నా ముందుకి తోశారు.
"ఇవి వంగవు."
ఎందుకు నాకే అనడగలేదు.
అందరికంటే ఎక్కువ పడేదాన్ని,
నాకంటే వెనక ఎవరుంటారు?
తూచాను. ఏడొందల గ్రాములు.
రెండో జత బూట్లు తీసేశాను.
గోంగూర తీయలేదు.

గాలి తిరిగి జల్లు లోపలికి కొట్టింది,
పటం తడుస్తోందని ఇళంగో షట్టర్ లాగాడు.
చుట్టలోంచి పేర్లు కింద నుంచి పైకి వరసలో దిగాయి.
అన్నిటికంటే ముందు ఆఖరిది,
మాకంటే ముందొచ్చి, మోచేత్తో కాబోలు,
తుడిచేసిన చోటు.
గట్ల మీద చెరిగింది గానీ
రేకు మడతల్లో సుద్ద ఇంకా తెల్లగానే ఉంది.