తరుగు

ఐదున్నరకి రొయ్యల షెడ్డు బస్సు
మాధవాయిపాలెం మలుపులో హారను కొడుతుంది.
ఈలోగా ఇల్లంతా నేను
పిల్లి కళ్లతో ఒకసారి చూసుకోవాలి.
మోకాళ్ల మీద వంగి, గచ్చుకి చెంప ఆనించి
మంచం కింద ఏం మెరుస్తోందో,
ఏ కొస ఎక్కణ్నించి వేలాడుతోందో.

గుండుసూది ఒకటి. జాకెట్టు హుక్కు ఒకటి.
బియ్యం డబ్బా వెనక
పోయినేడు ఎలకలకని పెట్టిన గులాబీ రంగు బిళ్ల,
సగం కొరికి ఉంది.
కొరికిందెవరో చెప్పడానికి ఆ ఎలక లేదు.

దోమల చక్రం ఆర్పాను.
ఇస్త్రీపెట్టె వైరు చుట్టి అటకెక్కించాను.
బకెట్టులో నీళ్లు ఒంపేశాను,
మూకుట్లో నీళ్లు పోశాను.
అవీ నీళ్లే ఇవీ నీళ్లే,
తేడా నీళ్లకి తెలీదు, మనమే చూసుకోవాలి.
లంకలో పుట్టినదానికి ఈ మాట ఒకరు చెప్పక్కర్లేదు.

పక్కింటి ఎస్తేరు పిన్ని నవ్వుతుంది.
"నీ చంటిపిల్లకైనా ఇంత చేసేవా?
ఎట్నించి పడేసినా కాళ్ల మీదే పడుద్దే అది!"
పడుద్ది పిన్నీ.
పడేది పైనుంచైతే.

దీని తల్లి ఏడిళ్లు తిప్పి
ఏడో ఇల్లని నా అటక మీద దింపింది దీన్ని.
అప్పటికింకా కళ్లు తెరవలేదు,
గుప్పెట్లో పట్టేది, గవ్వ అన్నాను.

లేసు షావుకారు దారం తూచి ఇస్తాడు,
అల్లింది తూచి పట్టుకెళ్తాడు.
లేసు కూలి ఉప్పూ పప్పుకి, రొయ్యల కూలి బియ్యానికి.
శ్రావణంలో ఓ రాత్రి అల్లుతూ అల్లుతూ
ఉండ ఒళ్లోనే ఉండగా నిద్రపోయాను.
తెల్లారి తల్లి పిల్లి నోటి మూల
జానెడు దారం.
లాగాను.
చీరంచున లేచిన పోగుని లాగినట్టు
లాగేశాను.

పాలకొల్లులో గేదెల డాక్టరు
చేతులు కడుక్కుంటూ అన్నాడు:
"లాక్కూడదమ్మా. ఉన్నదున్నట్టు తీసుకురావాలి.
లోపల పేగంతా ఆ దారం మీద
కుచ్చిళ్లు పడిపోయుంటుంది."
కుచ్చిళ్లు.
నాకు తెలిసిన మాటతోనే చెప్పాడు.

ఆ నెల షావుకారు తూకంలో తగ్గింది.
పుస్తకంలో "తరుగు" అని రాసుకుని
పన్నెండు రూపాయలు కోశాడు.
ఎక్కడ తరిగిందో నేను చెప్పలేదు.

అందుకే దారం ఉండలూ కొక్కేలూ
సగమల్లిన టేబులు గుడ్డా
అన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాను.
వేశాను మొన్న కూడా.
హారను వినబడింది. పరుగెత్తాను.

షెడ్డులో ఐసు గుట్ట ముందు నిలబడి
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి,
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగబోతే
వేలి కొసన నల్లటి పోగు.
చెయ్యి ఆగిపోయింది.

రోజూ నేను గుమ్మం దిగేసరికి
కిటికీ ఊచల్లోంచి తోక ఒకటి బయటికొస్తుంది.
ఇవాళ రాలేదు.
కిటికీ ఉత్తదే.
బీరువా తలుపు తెరిచి ఉన్నంతసేపూ
నా చూపు గోడ మీది గడియారం మీదుంది.

సూపరువైజరు ముక్తేశ్వరికి ఏం చెప్పానో గుర్తులేదు.
"పిల్లికా?" అనడం మాత్రం గుర్తుంది.
ఆటో కాలవగట్టున గుర్రపుడెక్క పక్కనుంచి పోతోంది,
రొయ్యల చెరువుల్లో చక్రాలు తిరుగుతున్నాయి,
నా చేతిలో తాళంచెవి చెమటకి జారుతోంది.

తలుపు తీశాను.
టేబులు గుడ్డ మీద ముడుచుకుని
వెలుతురికి కళ్లు చికిలించింది గవ్వ.
గుడ్డ మీద పోసింది కూడా, ఓ మూల,
మూడు వారాల అల్లిక మీద.
నోరు తెరిచి చూశాను. నాలిక కింద చూశాను.
ఉండలన్నీ తడిమి కొసలు లెక్కపెట్టాను.
అదేమో నా వేళ్లు వాసన చూసి
రొయ్య ఏదని అడిగింది.

సగం పూట కూలి పోయింది.
గుడ్డ ఉతికినా షావుకారు ముక్కు చిట్లిస్తాడు.
రాసుకోనీ.

ఇప్పుడు బీరువా మూసే ముందు పిలుస్తాను: గవ్వా!
పలకదు.
పిలవగానే పలికితే అది పిల్లెందుకవుద్ది.
మళ్లీ వంగుతాను, మంచం కింద,
మిషను వెనక, పొయ్యి గట్టు మీద,
తోక కనబడేదాకా.
మలుపులో బస్సు
హారను కొడుతూనే ఉంటుంది.